పక్క సీట్లో ముఖం

ఫ్లాస్కు కడగడం కూడా ఒక పనేనా అంటారు, ఎన్నడూ కడగనివాళ్లు. లోపలికి చెయ్యి దూరదు. బ్రష్షు మెడ దగ్గరే మొరాయిస్తుంది. అడుగున టీ మరక ఒకసారి పట్టిందంటే వేడినీళ్లకీ లొంగదు, సోడాకీ లొంగదు. పెళ్లయి ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ ఫ్లాస్కుతో కుస్తీ పడుతూనే ఉంది. ఆయన ట్రక్కెక్కేముందు నింపివ్వాలి, ట్రిప్పు దిగాక కడిగి బోర్లించాలి. ఆ రోజు కూడా అలవాటుగా తోమి, మూత విడిగా, రబ్బరు విడిగా గుడ్డ మీద ఆరబెట్టాక గాని గుర్తు రాలేదు, ఇక నింపడానికి ట్రిప్పులు లేవని.

చక్కెర జబ్బు ఆయన కళ్లకెక్కింది. జబ్బు కొత్తదేం కాదు. అది వచ్చిన ఏడే ఇంట్లో చక్కెర డబ్బా పై అరలోకి వెళ్లిపోయింది, ఇద్దరికీ రెండు రకాల టీ ఎవరు పెడతారులే అని ఆమె కూడా చప్పటి టీకే అలవాటు పడింది. కంట్లో నల్లమచ్చలు ఈదుతున్న సంగతి మాత్రం ఆయన చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఏటేటా కంపెనీ చేయించే పరీక్షలో బయటపడింది. పెద్ద బండి ముట్టుకోవద్దని డాక్టరు తేల్చేసింది, లైసెన్సు వెనక్కి తీసేసుకున్నారు. అప్పట్నుంచీ ఆయన ముందుగది కిటికీ దగ్గర కూర్చుని హైవే మీద పోయే బండ్ల చప్పుడు వింటుంటాడు. "గేరు తప్పు వేశాడు వెధవ," అంటాడు ఉన్నట్టుండి, కంటికి కనపడని డ్రైవర్ని. ఆమెకి నవ్వొస్తుంది, వెంటనే గుండె బరువెక్కుతుంది. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, చెయ్యెత్తడు. ఈ రెండూ చెయ్యనందుకు ఆడది జన్మంతా రుణపడి ఉండాలని ఆమె అత్తగారి అభిప్రాయం.

"నువ్వు నేర్చుకో," అన్నాడు ఒక సాయంత్రం, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "లైసెన్సు నువ్వు తెచ్చుకో. కంపెనీలో నేను మాట్లాడతా. పక్క సీట్లో నేనుంటాగా. స్టీరింగ్ నువ్వు తిప్పు చాలు, రోడ్డు సంగతి నేను చూసుకుంటా."

ఆ కళ్లతో రోడ్డెలా చూసుకుంటారండీ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. అలా నోటిదాకా వచ్చి ఆగిన మాటలన్నీ బయటికొచ్చి ఉంటే ఆ ఇంట్లో కూర్చోవడానికి చోటుండేది కాదు. 'నేను చూసుకుంటా' అన్నది ఆయన ఊతపదం. బ్యాంకు పని నేను చూసుకుంటా. పిల్ల బడి నేను చూసుకుంటా. నీ పాస్‌పోర్టు నా దగ్గరుంటుందిలే, నేను చూసుకుంటా. మొదట్లో ఆ మాట వింటే ఆమెకి ఎండలో గొడుగు పట్టినట్టే ఉండేది. గొడుగు కింద ఉన్నవాళ్లకి ఆకాశం కనపడదని అప్పట్లో తోచలేదు.

అసలు ట్రక్కు పరీక్ష ఆమెకి కొత్త కాదు. ఆయన మొదటిసారి లైసెన్సుకి వెళ్లినప్పుడు ఆ పుస్తకం చదివి పెట్టింది ఎవరు? ఆయనకి రెండు పేజీలు తిరిగేసరికి ఆవలింతలొచ్చేవి. బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో భాగం మీద చెయ్యి పెట్టి, ఇది పగల్లేదు, ఇది కారట్లేదు, ఇది గట్టిగా బిగించి ఉంది అని పైకి చెప్పే పరీక్ష ఒకటి ఉంటుంది. అన్నాలు తినే బల్లనే ట్రక్కు చేసింది ఆమె. కుర్చీలు చక్రాలు. కుక్కరు ఇంజను. ఆయన బల్ల చుట్టూ తిరుగుతూ కుర్చీ కాళ్లు తట్టి "బోల్టులు బిగువుగా ఉన్నాయి" అంటుంటే, చంకలో పిల్లనెత్తుకుని తప్పులు దిద్దింది. పాసయ్యాక ఆయన స్నేహితులొచ్చారు. "ఒక్క దెబ్బకే కొట్టేశా," అని ఆయన చెబుతుంటే అందరూ భుజం తట్టారు. ఆమె అందరికీ టీ పోసింది.

కాబట్టి నేర్చుకోమనగానే లోపల ఏదో దీపం వెలిగినట్టయింది. బయటికి మాత్రం "నావల్ల అవుతుందా" అంది. అలా అనకపోతే ఆయనకి బాగుండదని తెలుసు. హోటళ్ల దుప్పట్లు ఉతికే కార్ఖానాలో ఆమెది మడతలు పెట్టే పని. రోజంతా ఇంకెవరో పడుకోబోయే పక్కలకి అంచులు సరిచెయ్యడం. ఉదయం ట్రక్కు నేర్పే బడికి వెళ్లాలి, షిఫ్టు మార్చమని అడిగితే అక్కడి సూపర్‌వైజరు ఎగాదిగా చూసి, "ట్రక్కా? నీ కాలు పెడల్ దాకా వస్తుందా?" అని పదిమంది వినేట్టు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తన మీద వేసిన జోకుకి తనే ముందు నవ్వెయ్యడం ఆమెకి చిన్నప్పట్నుంచీ వచ్చిన విద్య.

బడిలో నేర్పేది నెరిసిన జుట్టు భారీ మనిషి, వయసంతా రోడ్డు మీదే గడిపిన ఆడమనిషి. ఎండైనా వానైనా నెత్తిన వెడల్పాటి టోపీ తీసేది కాదు. ఆమె మనసులో ఆవిడకి టోపీ టీచరని పేరు పెట్టుకుంది. మొదటిరోజు మెట్లెక్కి సీట్లో కూర్చుంటే, కింద మనుషులు ఇంత చిన్నగా ఉంటారా అనిపించింది. ఇన్నేళ్లూ ఆయన లోకాన్ని ఇక్కణ్ణుంచా చూసింది! ఇంటికొచ్చి తననీ ఇలాగే చూసి ఉంటాడు, పాపం. అలవాటు పడ్డ కళ్లు కదా.

చేతులు త్వరగానే పట్టుబడ్డాయి. మలుపులో ట్రెయిలర్ వెనకచక్రాలు రోడ్డంచు దిమ్మె ఎక్కకుండా ఎంత దూరం ముందుకెళ్లి తిప్పాలో, రివర్సులో స్టీరింగ్ ఎందుకు వ్యతిరేకంగా తిప్పాలో, గాలి బ్రేకుల చప్పుడులో ఏది మామూలో ఏది కాదో. టోపీ టీచరు పొగడదు. "ఊఁ" అంటుంది. ఆ ఊఁ కోసం ఆమె దుప్పట్ల వాసనంతా మర్చిపోయి పరుగెత్తేది.

పరీక్ష రోజు బండి చుట్టూ తిరిగే భాగం నల్లేరు మీద నడకలా సాగిపోయింది. పక్క సీట్లో పరీక్షాధికారి, సన్నగా, పెన్ను చేత పట్టుకున్న మనిషి. ఊరి వీధుల్లో తిప్పి, పెద్ద రోడ్డెక్కించి, వెనక్కి తెచ్చాడు. ఎక్కడా దిమ్మె తగల్లేదు, ఎక్కడా ఇంజను ఆగలేదు. బండి ఆపి, బ్రేకు గుండీ లాగి, అధికారి వైపు తిరిగింది.

"ఈసారికి ఇవ్వలేకపోతున్నాను," అన్నాడాయన మెత్తగానే. "బండి మీద మీకు మంచి పట్టుంది. కానీ ప్రతి మలుపు ముందూ మీరు నా ముఖం చూశారు."

"నేనా?"

"ప్రతిసారీ. అద్దం చూడాల్సిన క్షణంలో నన్ను చూశారు. బేకరీ దగ్గర తిప్పారు చూడండి, అక్కడ మీ పక్కనే ఒకాయన సైకిల్ మీద ఉన్నాడు. ఆయనే ఆగాడు కాబట్టి సరిపోయింది. చూశారా మీరు ఆయన్ని?"

ఆమె చూడలేదు. సైకిలే లేదు ఆమె లోకంలో.

"నా ముఖంలో ట్రాఫిక్ కనపడదమ్మా," అని అధికారి దిగిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే ఆయన పెద్దగా బాధపడలేదు. ఓదార్చాడు కూడా. "కొత్త మనిషి కదా, బెదిరి ఉంటావు. పక్కన నేనుంటే ఒక్క దెబ్బకి పాసయ్యేదానివి." సైకిలాయన సంగతి ఆమె ఆయనకి చెప్పలేదు. అత్తగారు ఫోన్లో, "వాడు పక్కనుండి చెప్తాడు, నువ్వు తిప్పు, అంతకంటే నీకు వేరే చదువెందుకమ్మా," అంది. తన అమ్మకి ఫోన్ చేసింది. "ఫెయిలయ్యానే అమ్మా" అంటే అవతల్నుంచి మొదటి మాట, "అల్లుడుగారు ఏమన్నారు?" నువ్వెలా ఉన్నావని కాదు. ఏమైందని కాదు. ఏమీ అనలేదులే అని చెప్పి, వంటింట్లో పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

తర్వాత రోజుల్లో తనని తనే గమనించుకోవడం మొదలుపెట్టింది, ఎవరో దొంగని కాపు కాసినట్టు. కూర వడ్డించి గరిటె పట్టుకుని నిలబడి చూసేది ఆయన ముఖం. ఉప్పు సరిపోయిందో లేదో తన నాలుకకి తెలియదా? తెలుసు, అయినా అక్కడ చూశాకే సరిపోయినట్టు. చెల్లెలు ఫోన్లో ఏదో చెబితే పకపకా నవ్వబోయి, మధ్యలో ఆయన వైపు ఒక చూపు, ఆ చూపుతోనే నవ్వు సగానికి తగ్గేది. కొత్త చీర బాగుందో లేదో అద్దం చెప్పేది కాదు. కిందటేడు కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు తననే అడిగింది, నొప్పి ఎక్కడ, ఎలా ఉంది అని. తను ఆయన వైపు చూసింది. ఆయనే చెప్పాడు, కుడిపక్కన, పొడిచినట్టుందట అని. తన కడుపు, తన నొప్పి! ఇన్నేళ్లూ సెలవురోజుల్లో కారు తనే నడిపేది, వారమంతా తోలి అలిసిపోయాను నువ్వు తియ్యి అనేవాడు. ఆయన కనుబొమ్మ ముడిపడితే వేగం తగ్గించాలి. పెదవి బిగిస్తే మలుపు దాటిపోయినట్టు. నాలుకతో 'చ్' అన్నాడంటే ఏదో ఒకటి తప్పు, ఏదో తర్వాత తెలుస్తుంది. అలా ఒక మనిషి ముఖం చూసి ఆమె ఊళ్లన్నీ దాటింది. రోడ్లు మాత్రం ఒక్కటీ గుర్తు లేవు.

ఇది కోపం కూడా కాదు. కోపమైతే బాగుండేది. ఎక్కడో ఏదో పారేసుకుని, పారేసుకున్నట్టు కూడా తెలియకుండా ఇంతదూరం వచ్చేసినట్టు, అంత దిగులుగా ఉంది.

టోపీ టీచరుకి అధికారి రాసిన మాటలు చూపించింది. ఆవిడ చదివి, బండెక్కి పక్క సీట్లో కూర్చుని, టోపీ ముఖం మీదికి లాక్కుని వెనక్కి వాలింది.

"పద పిల్లా. నన్నెక్కడికి తీసుకెళ్తావో నీ ఇష్టం."

మొదటి మలుపు రాగానే కళ్లు వాటంతటవే పక్కకి పోయాయి. అక్కడ టోపీ ఉంది. టోపీకి కనుబొమ్మలు లేవు.

"చూశావు," అంది టోపీ కింద నుంచి గొంతు.

"మీకెలా తెలుసు?"

"నువ్వు ఎటు చూస్తే బండి అటు వాలుతుంది. నా ఒంటికి తెలుస్తుంది." కాసేపాగి, "నా మొదటి మొగుడు కూడా ఇలాగే పక్కన కూర్చునేవాడు," అంది.

"ఏమయ్యాడు?"

"దించేశాను."

"రెండో ఆయన?"

"వెనక బెర్తు మీద పడుకుని గురక పెట్టేవాడు. చాలా మంచివాడు."

ఆమె పకపకా నవ్వింది. ఎవరి ముఖం వైపూ చూడకుండా నవ్విన ఆ నవ్వు మరీ పెద్దగా వినిపించి, తనకే సిగ్గేసింది. ఆ పూటంతా టోపీ కింద నుంచి "చూశావు", "మళ్లీ చూశావు" అనే మాటలు వస్తూనే ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ అవి తగ్గాయి. ఒకరోజు ఊరంతా తిరిగొచ్చి బండి నిలిపితే టోపీ కింద నుంచి మాటే లేదు. నిజంగానే నిద్రపోయిందేమో అని కంగారుపడింది. "ఊఁ" అందావిడ, టోపీ సర్దుకుంటూ.

రెండోసారి పాసయింది. అదే అధికారి. చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాడు. ఆమెకి సంతోషం రాలేదు, అలాగని బాధా లేదు. బయట కారులో ఆయన ఎదురు చూస్తున్నాడు. అటు నడుస్తుంటే అర్థమైంది, సంతోషపడాలా వద్దా అన్నది ఆయన ముఖం చూశాక తేల్చుకుందామని మనసు ఆగి ఉందని. ఆయన నవ్వాడు. "నేను చెప్పలేదూ! మన దగ్గర చూసి నేర్చుకున్నదానివి, ఊరికే పోతుందా!" అప్పుడు ఆమె కూడా నవ్వింది. కారెక్కి పెద్ద రోడ్డు మీదికి వచ్చిన కాసేపటికే ఆయన నాలుకతో 'చ్' అన్నాడు. ఆమె కళ్లు ఠక్కున అటు తిరిగాయి. టోపీ టీచరు నేర్పిందంతా గాలికి పోయింది. చిన్న కారు కాబట్టి సరిపోయింది. వెనక నిండు లోడుతో ట్రెయిలరు ఉండి, పక్కన ఆ సైకిలాయన ఉండి ఉంటే?

ఆయన కంపెనీలోనే ఉద్యోగమిచ్చారు. అక్కడ డ్రైవర్లకి లోడ్లు పంచే ఆఫీసావిడ ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"రేపు ఉదయం మొదటి ట్రిప్పు. మీ ఆయన పక్కన వస్తానని అడిగారు. మాకేం అభ్యంతరం లేదు. కానీ బండి డ్రైవరుది, డ్రైవరే చెప్పాలి. మీరేమంటారు?"

"తనకి ఇష్టమే," అన్నాడు ఆయన.

"నేను ఆవిణ్ణి అడిగాను."

"సాయంత్రంలోగా చెప్తానండీ," అంది ఆమె. ఆయన ఫోన్ కట్టేసి ఆశ్చర్యంగా చూశాడు. "సాయంత్రం దాకా ఆలోచించడానికి ఇందులో ఏముంది?" బట్టలు అప్పటికే సర్దుకున్నాడు. పాత ట్రిప్పుల సంచీ, చలికోటు, రోడ్డు మీద పాటల కోసం చిన్న స్పీకరు. ఇన్ని నెలల్లో ఆయన ముఖం అంత వెలిగి ఉండడం ఆమె చూడలేదు. ఆ వెలుగు చూసి అనుకుంది: పోనీలే, వస్తే రానీ. ఒక్క ట్రిప్పే కదా. కానీ ఒక్క ట్రిప్పు కాదని తెలుసు, ఈసారి రమ్మంటే ఇక ఎన్నటికీ వద్దనడం తనవల్ల కాదు.

సాయంత్రం పెందలాడే అన్నాలకి కూర్చున్నప్పుడు కూతురితో అంది, "నేనొక్కదాన్నే వెళ్లి, నాన్న ఇంట్లో ఉంటే నీకేమైనా ఇబ్బందా?"

ఆ పిల్ల మామూలు పిల్ల కాదు. బడిలో వాదన పోటీలంటే మగపిల్లల నోళ్లు మూయించి వస్తుంది. ఇంట్లో కూడా మాటకి మాట ఉంటుంది. అలాంటి పిల్ల చెంచా ఎత్తబోయి ఆగింది. చూపు నెమ్మదిగా వాళ్ల నాన్న ముఖం మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు నిలబడి, వెతుక్కుని, వెనక్కి వచ్చింది.

"నాకేముందమ్మా," అంది పిల్ల తల వంచుకుని. "మీ ఇష్టం."

ఎవరు నేర్పారు దీనికి? ఎవరూ నేర్పలేదు. చంకలో ఉన్నప్పట్నుంచీ తల్లి చూపు ఎటు పోతే ఆ చూపు వెంటే పోయి నేర్చుకుంది. ఆమె ఎంగిలి చేత్తోనే లేచి, కడుక్కుని, ఆఫీసావిడకి ఫోన్ చేసింది. గోడకున్న టైల్స్ వైపు తిరిగి నిలబడి, "పక్క సీట్లో ఎవరూ రారండీ," అంది.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అంటే నన్ను పాత సామానులా ఇంట్లో పడేసి పోతావన్నమాట," అన్నాడు ఆయన.

ఇంట్లో పడి ఉండడమంటే ఎలా ఉంటుందో ఆమెకి తెలియదా? తెలుసు కాబట్టే జాలేసింది. "మీరు పక్కనుంటే నేను అద్దం చూడనండీ," అంది. "మిమ్మల్ని చూస్తాను."

"చూస్తే తప్పేంటి?" ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఆ కళ్లల్లో వెటకారం లేదు.

అప్పుడు బేకరీ దగ్గరి సైకిలాయన సంగతి చెప్పింది. నేను చూడలేదు, అతనే ఆగాడు, ఆగకపోయి ఉంటే అని చెబుతూ ఏడ్చింది. జీవితమంతా బండి నడిపిన మనిషికి ఆ ఒక్కటీ వివరించక్కర్లేదు. ఆయన లేచి, సర్దుకున్న సంచీలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టాడు. ఆమె వెళ్లి సాయం చెయ్యబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ చేతులు అంత నెమ్మదిగా కదలడం చూడలేకపోయింది.

తెల్లవారుతుండగా ఆమె బూట్లు వేసుకుంటుంటే వంటింట్లో గిన్నె చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆయన స్టవ్ దగ్గర ఉన్నాడు. టీ పొంగి గట్టంతా పారింది. ఫ్లాస్కు మూత తీసి ఉంది. పై అరలోంచి ఎలా అందుకున్నాడో, చక్కెర డబ్బా చేతిలో ఉంది, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చెంచా ముంచుతున్నాడు.

"నువ్వు చక్కెర ఎంత వేసుకుంటావే?" అన్నాడు.

పెళ్లయ్యాక ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. డబ్బా పై అరకెక్కకముందు తను ఎంత వేసుకునేదో ఆమెకి గుర్తు లేదు, తర్వాత వేసుకోనే లేదు. తెలియక, అలవాటుగా ఆయన ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో కూడా జవాబు లేదు. చెంచా పట్టుకుని, సరిగా కనపడని కళ్లతో, ఆయన ఆమె వైపే చూస్తున్నాడు.

"వెయ్యకుండా పొయ్యండి," అంది చెయ్యి చాపి. "ఆ డబ్బా నాకివ్వండి. ఎంత వెయ్యాలో దారిలో నేనే చూసుకుంటాను."